సత్తెమ్మ ఇంటికి బెల్టు

“నాయినమ్మా, ఉద్యమం టైముల నువ్వు ఇంట్ల బెల్టుషాపు పెట్టినవంట గదా?”

ఎవడన్నడే గా మాట? మీ తాతేనా? ఆయనే అయ్యుంటడు. నవ్వుకుంట చెప్పిండా? నవ్వుతడు, ఎందుకు నవ్వడు. చేతులకు బొబ్బలెక్కిన నాడు నవ్వలె మరి. ఏయ్, గా ఫోను నా మూతి కాడ పెట్టకు, జర దూరం జరుపు. రికార్డు అయితుందా? అయితే మంచిదే, అందరు వినుండ్రి. సత్తెమ్మ బెల్టు పెట్టిన మాట నిజమే. షాపు పెట్టలె. లైసెన్సు లేకుండ ఇంట్ల మందు సీసాలమ్ముడు మా ఇంటా వంటా లేదు. నేను బెల్టు పెట్టింది ఇంటికి. గా బెల్టుకు గీ బెల్టుకు ఎంత ఫరక్ ఉన్నదో చెప్త, ఇను. నడుమల కిసుక్కుమన్నవంటె లేచిపోత.

(కిసుక్కుమన్నాను. లేచిపోలేదు.)

ముందుగాల ఇంటి సంగతి చెప్పాలె. మేము నల్లగొండ దిక్కు నుంచి వచ్చినప్పుడు ఎల్బీనగర్ అంటె ఏముండె? ఒక రోడ్డు, రోడ్డుకు ఇటు అటు రాళ్లు. మన్సూరాబాద్ దిక్కు జొన్నచేన్లు. దిల్‌సుఖ్‌నగర్ పోవుడంటె పట్నం పోతున్నమని మంచి చీర కట్టుకొని, మొకానికి పౌడరేసుకొని పోతుంటిమి. మీ తాతకు బస్ డిపోల మెకానిక్కు నౌకరి. మా నాయిన ఏం జేసిండంటె, గీ ప్లాటు నా పేరు మీద తీసిచ్చిండు. అల్లుడు మంచోడే, కని ఎప్పుడు చూసినా బస్సు కిందనే పండుకుంటడు, ఎందుకైనా మంచిదని. గప్పటి ప్లాటు ధర చెప్తె నువ్వు నమ్మవు. నువ్వు మాల్‌ల తాగుతవు సూడు, ఐసు ముక్కలేసిన కాఫీ, గవి ఓ నాలుగు మానేస్తె వచ్చేది. సరే, అది ఇడిచిపెట్టు.

సిమెంటు కంట్రోలు మీద దొరికేది గప్పుడు. దానికి సిఫారసుండాలె. మాకు సిఫారసు ఎవరు చేస్తరు? అందుకని బునాది రాయితోని, మట్టితోని కట్టినం. ఎర్రమట్టి నానబెట్టి నేనే తొక్కిన. మీ నాయిన కడుపుల ఉండె అప్పుడు. కాదు కాదు, మీ అత్త ఉండె, మీ నాయిన తర్వాత. ఎవరో ఒకరున్నరు తీయి కడుపుల. రాయి మీద రాయి, రాయికి రాయికి నడుమ మట్టి. గోడలు గూడ గట్లనే. కొన్నేండ్లకు మీ తాత ఓవర్‌టైములు చేసి పైన స్లాబు పోయించిండు. అందరు శెభాష్ అన్నరు. బరువు మీద పెట్టినం, బలం కింద పెట్టలె. గప్పుడు గా సోయి ఎవరికుంది?

అట్ల నడిచిపోతుండె. ఇగ తెలంగాణ లొల్లి మంచి జోరు మీదున్నది. నీకు యాదికుండదు, నువ్వు గోడకు సుద్దముక్కతోని గీతలు గీసే వయసు. రోజొక బందు, రోజొక రాస్తారోకో. మీ తాత వాళ్లు బస్సులు బందుపెట్టి సమ్మెల దిగిండ్రు. మన గల్లీ దాటంగనే ఉన్న ఎల్బీనగర్ చౌరస్త దగ్గర టెంటేసిండ్రు, పొద్దుగాల పోయి ఆడ కూసుండుడు. జీతం లేదు. జీతం లేదని నేనెప్పుడన్న గునిసిన్నా? లేదు. మన రాష్ట్రం మనకు కావాలె, అంతే. పప్పుల ఉప్పు ఎక్కువైనా ఇంట్లందరు జై తెలంగాణ అనుకుంట తిన్నరు.

ఒకనాడు పొద్దుగాల నేను బియ్యం చెరుగుతున్న. షెల్ఫుల గిన్నెలు గల్లుగల్లుమన్నయి. రోడ్డు మీద ఊరేగింపు పోతున్నదేమొ, డప్పులకు అదిరినయనుకున్న. కని డప్పుల సప్పుడు లేదు. సూస్తె చాటల బియ్యం దానంతట అదే ఒక్క దిక్కుకు జరుగుతున్నది. నా చేతులు కదుల్తలెవ్వు, బియ్యం కదుల్తున్నది! చాట ఆడనే పారేసి బయటికి ఉరికిన. గల్లీ మొత్తం బయటనే ఉన్నది. భూమి అదిరిందంట. ఎక్కడో దూరంల గట్టిగొచ్చి, మనదాక గింత అల తాకిందంట. ఎవడో పోరడు, భూమి గూడ మనకే సపోర్టు చేస్తున్నదని ఒర్రిండు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఇంట్లకొచ్చి సూసినంక నవ్వు ఆగింది. గా ముంగటి మూలకు, కిటికీ మీదికెళ్లి కింది దాక గోడ పగిలి ఇచ్చుకున్నది. నీళ్లు కారినట్టు తిన్నగ కాదు, మెట్లు మెట్లుగ, రాయి పక్క నుంచి రాయి పక్కకు. నా చిటికెన ఏలు లోపటికి పోయింది.

మల్ల వారంల బిల్డరొచ్చిండు. పేరొద్దు ఇప్పుడు. మిఠాయి డబ్బ పట్టుకొచ్చిండు. “పెద్దమ్మా, ఇంకొక్కసారి అదిరితె గీ ఇల్లు మీ నెత్తి మీదనే. నా మాటిని డెవలప్‌మెంటుకియ్యుండ్రి. అయిదంతస్తులు లేపుత, మీకు రెండు ఫ్లాట్లు” అన్నడు. జేబుల ఫోను తీసి ఏ దేశంలనో ఇండ్లు కూలిన వీడియోలు చూపిచ్చిండు. వచ్చినప్పుడల్ల చూపిచ్చుడే. ఒక్కొక్క తాపకు ఇంకా పెద్దింటిది. మీ తాతకు బస్సు కింద పండుకొని ఇంజను విప్పితె భయం లేదు గని, గా వీడియోలు చూసి మంచం తీస్కపోయి వాకిట్ల ఏసుకున్నడు. నిజం! దోమలు కుట్టినా సరే, లోపటికి రాడు.

నేను గా బిల్డర్ను అడిగిన: “ఏమయ్యా, నా ఇల్లు మంచిగ లేదని చెప్పనీకి వచ్చినవా, నా జాగ మంచిగున్నదని చెప్పనీకి వచ్చినవా?” మిఠాయి తినుండ్రి పెద్దమ్మా అన్నడు.

మీ తాత మాత్రం బిల్డరు మాటే పట్టుకున్నడు. “సత్తెమ్మా, నీ మొండితనానికి పిల్లలు రాళ్ల కింద పడాల్నా? సంతకం పెట్టు” అన్నడు. పిల్లలంటె నువ్వే, నిన్ను చూపిచ్చిండు. గా మూల పక్కకే నీ బొమ్మలుండె. గా మాట నాకు తాకింది, తాకలేదని చెప్ప. కని భయపడి సంతకం పెట్టుడు నాతోని కాదు. నేను తొక్కిన మట్టి, నేను మోసిన రాయి. బాగలేకుంటె బాగ చేపిస్త. మనిషికి కాలిరిగితె కట్టు కడ్తమా, మనిషినే తీసేస్తమా? సరే, ఇద్దరం ఒక మాటనుకున్నం. బతుకమ్మ పండుగ ఎల్లేలోపట నేను ఇల్లు గట్టి చేపియ్యాలె, చదువుకున్నోళ్లు చూసి ఔననాలె. లేకుంటె బిల్డరు కాయిదం మీద సంతకం. “మాట మీద ఉంటవా?” అన్న. “ఉంట” అన్నడు. మీ తాతల ఒక్క గుణం మంచిదే, మాట తప్పడు.

(అప్పుడు తాతయ్య లోపలినుంచి “ఒక్కటేనా?” అని అరిచాడు. నాయినమ్మ వినబడనట్టే ఉంది.)

ఇగ సుబ్బారావు సారు. ఎనక పోర్షన్ల కిరాయికుండె. ఆంధ్ర ఆయన, కృష్ణ జిల్లా దిక్కు. ఇంజనీరు చేసి రిటైరైండు. ఎంత మంచోడంటె, నల్లా దగ్గర బిందె జరపాలన్నా మనను అడిగి జరుపుతడు. ఆ దినాలల్ల ఆయన కూరగాయలకు పోతె నోరు తెరవకపోయేది. ఏలు పెట్టి చూపిచ్చుడు, తలకాయ ఊపుడు, పైసలిచ్చుడు. పావుకిల అన్నా యాస బయటపడ్తదని. ఆయననెవ్వరు ఒక్క మాటనలె. కని భయం భయమే గద. రోడ్డు మీద నినాదం ఇనబడంగనే టీవీ సౌండు తగ్గిచ్చేటోడు. మా ఇంట్ల ఉండుకుంట గా భయమేందని నాకు కోపమొచ్చేది.

నేను పోయి, సారూ, జర గోడ చూడుండ్రి అన్న. ఆయన అద్దాలు పెట్టుకొని, మూలకు గుంత తీపిచ్చి, పాత స్క్రూడ్రైవరు తీసుకొని రాళ్ల నడుమ గీకిండు. పొడి పొడి రాలింది. చీమలు ఎల్లినయి. ఎలుక బొక్క గూడ ఉండె, గది నాకు ముందే ఎరికె, చెప్పలె. ఆయన లేచి చేతులు దులుపుకొని, “అమ్మా, రాయి బ్రహ్మాండంగా ఉందండీ. మధ్యలో మట్టే పోయింది. రాయికి రాయికి పట్టు లేదు. భూమి ఊగితే ఏ గోడకా గోడ విడిగా ఊగుతుంది, మూల దగ్గర విడిపోతుంది. గోడలన్నీ కలిపి కట్టేయాలి. పునాది మీద చుట్టూతా బెల్టు వేయించండి” అన్నడు.

“బెల్టంటె ఏంది సారూ?”

“నడుముకి వడ్డాణం అనుకోండి.”

“నా నడుముకు లేని వడ్డాణం ఇంటికెందుకు సారూ?” అన్న. ఆయన రెండు చేతులు జోడిచ్చిండు, నాకు కోపమొచ్చిందనుకొని. “క్షమించండమ్మా, నా ఉద్దేశం అది కాదు” అంటడు. నేను నవ్వినంకనే ఆయన ఊపిరి తీసుకున్నడు.

పని ఎట్లంటె, ఇను, రేపు నీకు పనికొస్తది. బునాది పక్కపొంటి మొత్తం ఒక్కసారి తవ్వద్దు. గజం తవ్వాలె, గజం ఇడిచిపెట్టాలె. మొత్తం తవ్వితె భూకంపం వచ్చేదాక ఆగేది లేదు, మనమే కూలగొట్టినోళ్లమైతం. తవ్విన కాడ రాళ్ల నడుమ పాత మట్టి గీకి తీసి, సిమెంటు, ఉసికె కలిపిన మాలు కూరాలె. గోడకు బయటి దిక్కు ఇనుప సలాకలు కట్టి కాంక్రీటు పట్టీ ఒకటి, లోపటి దిక్కు ఇంకొకటి. నడుమ గోడల నుంచి సలాకలు దూర్చి గా రెండింటిని ఒకదానికొకటి కట్టెయ్యాలె. మూల కాడ సలాక తెగగొయ్యద్దు, వంచి అటు గోడకు తిప్పాలె. గదే బెల్టు. మా మేస్త్రి బాలయ్య గూడ, ఔనక్కా, కొత్తిండ్లకు మేం పోస్తనే ఉన్నం, పాతదానికి పెట్టుడే జర కష్టం అన్నడు. పైసలకు నా చీటి ఎత్తిన.

ఇగ లొల్లి షురూ అయింది గా మాట కాడనే.

పక్కింటి అంజమ్మ వదిన ఎరికె గదా నీకు? పోచంపల్లోళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌ల చీరల దుకాణం. ఆడోళ్ల సంఘానికి లీడరు. గా ఏడాదే ఎనక గల్లీల ఒక బెల్టుషాపును, తలుపు ముంగట చాప పరుచుకొని కూసోని బందుపెట్టిచ్చింది. నేను గోడ మీదికెళ్లి ఆమెతోని మామూలుగ మాట్లాడిన. ఇట్లన్న: “వదినా, రేపటి సంది మా ఇంటికి బెల్టు పెడ్తున్నం.”

ఆమె చేతుల ఆరేసే బట్టలు ఆగిపోయినయి. “మీ ఇంటికా? నువ్వా వదినా?”

“మరెవరు పెడ్తరు? మీ అన్నకు జీతమొస్తలేదని కూసుంటె అయితదా? గిప్పుడు పెట్టకుంటె ఎప్పుడు పెడ్త?”

“అన్న ఒప్పుకున్నడా?”

“మొదలు ఒప్పుకోలె. సుబ్బారావు సారు కూసోబెట్టి మంచిగ చెప్పిండు, గప్పుడు ఒప్పుకున్నడు. ముంగటి మూలకెళ్లి షురూ చేస్తం. పండుగ లోపట చుట్టూర అయితది.”

ఆమె మొకం మాడిపోయింది. బట్టలు సంకల పెట్టుకొని లోపటికి పోయింది. నేనేమో ఇంటి మీద ఖర్చు పెడ్తున్నమని కుళ్లుకున్నదనుకున్న. నవ్వు, నవ్వు. గా నాడు నాకు నవ్వు రాలె.

ఆనాడు మాపటీలి ఎనక గల్లీ ఎంకటయ్య వచ్చిండు, పొద్దూకితె ఒక కాలు ఇటు ఒక కాలు అటు ఏసే మనిషి. చేతుల స్టీలు గ్లాసు. “అక్కా, షురూ అయిందంట?” అన్నడు.

“ఇంకా యాడిది. ఉసికె రావాలె.”

“ఉసికెందుకక్కా?”

“ఉసికె లేకుంటె ఎట్ల కలుపుతరు?”

ఆయన గ్లాసులకు చూసుకున్నడు. “నీళ్లు కలిపితె సరిపోదా?”

“నీళ్లు గూడ కలుపుతరు. కని తక్కువ కలపాలె, నీళ్లెక్కువైతె పట్టు ఉండదని సారు చెప్పిండు.”

గా మాటకు ఆయన మొకం ఎట్ల ఎలిగిపోయిందంటె, దీపం పెట్టినట్టు. “సారు దేవుడక్కా” అని దండం పెట్టి పోయిండు. ఏమో, పని మీద గింత శ్రద్ధ ఉన్న మనిషిని గిన్నేండ్లు తప్పుగ అనుకున్ననే అని నేను లోపటికొచ్చిన.

(ఇక్కడ నా ఫోను కింద పడింది. పడింది ఫోనొక్కటే కాదు, నేను కూడా. నాయినమ్మ నేను లేచేదాకా ఆగింది, కానీ నవ్వలేదు.)

అయిందా నీ పొర్లుడు? ఇను.

తెల్లారి ముంగటి మూల తవ్వినం. గదే అన్నిటికన్న నాజూకు జాగ. సలాకలు కట్టిండ్రు, చెక్కలు బిగిచ్చిండ్రు. సిమెంటు ఇంట్లున్నది, కంకర వాకిట్ల ఉన్నది. ఉసికె ట్రాక్టరు హయత్‌నగర్ దిక్కుకెళ్లి రావాలె. వస్తలేదు. ఎందుకు రాదంటె, చౌరస్తల రాస్తారోకో. పొద్దున లేదన్నరు, ఉన్నట్టుండి పెట్టిండ్రు. ఇగ మొగులు సూడు, హయత్‌నగర్ దిక్కు నల్లగ కమ్ముకొస్తున్నది. సారు గుంత చుట్టు తిరుగుతున్నడు. “అమ్మా, వాన పడి ఈ గుంటలో నీళ్లు నిలిస్తే మూల కింద మన్ను మెత్తబడుతుందండీ. మూల కుంగితే ఆ పగులు ఆగదు. పూడ్పించేద్దామా?” అన్నడు. పూడిస్తె ఏమైతది? మేస్త్రి మల్ల ఎన్నటికొస్తడో తెల్వదు, రోజు విడిచి రోజు బందులు. పండుగ ఎల్లిపోతది. పూడ్వకుండ వానొస్తె మూల పోతది. ఇటైనా అటైనా బిల్డరు కాయిదమే. గుంత ముంగట నిలవడి, నేను ఒక్కటే అన్న: “పూడ్చేది లేదు.”

అంటున్ననో లేదో, గల్లీ చివరికెళ్లి నినాదాల సప్పుడు. ఆడోళ్లు. చీపుర్లు పట్టుకొని, కొంగులు బిగిచ్చుకొని వస్తున్నరు. ముంగట అంజమ్మ వదిన. ఆ నినాదాలు ఇనంగనే సుబ్బారావు సారు మొకంల నెత్తురు లేదు. ఆయన కోసమే వచ్చిండ్రనుకున్నడు పాపం. చప్పుడు చెయ్యకుండ ఎనకకు పోయి తలుపు ఏసుకొని లోపట గొళ్లెం పెట్టుకున్నడు.

“సత్తెమ్మ వదినా! నీ మీద మాకు మస్తు ఇజ్జతుండె!” అంటది అంజమ్మ, గేటు పట్టుకొని. “జీతం లేకుంటె మాకు చెప్పకపోయినవా? తలా ఇంత బియ్యమేసేటోళ్లం గదా! గిసొంటి పని చేస్తవా?”

“ఏం పని చేసిన? నా ఇంటికి నేను బెల్టు పెట్టుకుంటె నీకేంది?”

“సూసిండ్రా, నోటితోని ఒప్పుకుంటున్నది!”

“ఒప్పుకోకేంది? రాస్కో. బెల్టు పెడ్త. చుట్టూర పెడ్త. ఎవరడ్డమొచ్చినా పెడ్త!”

ఇగ ఆడోళ్లు ఒక్కసారి ఒర్రిండ్రు. ఎవరో, సీసాలు బయట పడెయ్యుండ్రి అన్నరు. సీసాలా? గప్పుడు ఎలిగింది నాకు. ఎంకటయ్య గ్లాసు, నీళ్లు తక్కువ కలుపుడు, అంతా ఒక్కసారి ఎలిగింది. నాకు నవ్వు రాలె, మండింది. పోయి గేటు తీసి, అంజమ్మ రెక్క పట్టి గుంజుకపోయి గుంత ముంగట నిలవెట్టిన. “ఇగో వదినా నా బెల్టు. ఇనుప సలాకలు. తాగుతవా? గ్లాసు తెమ్మంటవా?”

ఆమె గుంతల చూసింది. సలాకలు చూసింది. గోడ పగులు చూసింది. ఎనకకు తిరిగి ఆడోళ్లను చూసింది. చీపురు మెల్లగ ఎనకకు పెట్టుకున్నది. తర్వాత ఎట్ల నవ్వింది అనుకున్నవ్, గుంతల పడ్తదని నేనే నడుము పట్టుకున్న. అందరికి నవ్వు అంటుకున్నది. నేను మాత్రం నవ్వలె. “నవ్వుడైందా? మొగులు సూడుండ్రి. ఉసికె చౌరస్తల ఆగింది. వానొస్తె నా ఇల్లు పోతది” అన్న.

అంజమ్మ ఒక్క నిమిషం ఆలోచన చెయ్యలె. “పాండ్రి” అన్నది.

చౌరస్తకు పోతె ఏముంది? టెంటు ముంగట నిండుగ జనం, వంటావార్పు అయిపోయి రోడ్డు మీద అన్నం గంజులు బోర్లేసున్నయి. ఎనక బండ్ల లైను. లైన్ల ముంగట మా ఉసికె ట్రాక్టరు. ట్రాక్టరుకు అడ్డంగ, జెండ పట్టుకొని, రోడ్డు మీద బాసింపట్టు ఏసుకొని కూసున్నది ఎవరనుకున్నవ్? మీ తాత. సొంతింటి ఉసికెను ఆపుకొని కూసున్నడు!

“ఏమయ్యా, గది మన ఉసికె” అన్న.

చిన్నగయిండు. కని లేవలె. “ఎరికెనే సత్తెమ్మా. కని ఒక్క బండిని ఇడిస్తె అందరివి ఇడువాలె. ఉద్యమం ఉద్యమమే” అన్నడు. పక్కనున్న పోరగాండ్లు గూడ, పెద్దమ్మా, బండి కదలనియ్యం అన్నరు.

“బండిని కదలమని ఎవరన్నరు?” అన్న నేను. “బండి ఆడనే ఉంటది. ఉసికె నడిచిపోతది. మనుషులు నడువద్దని మీ రాస్తారోకోల రూలుందా?”

అంజమ్మ అప్పటికే ఒక అన్నం గంజు ఎత్తింది. ట్రాక్టరుకెళ్లి మా గల్లీ దాక ఆడోళ్లందరు వరుసకు నిలవడ్డరు. తట్టలు, గంజులు, బొచ్చెలు, ఏది దొరికితె అది. చేతి నుంచి చేతికి. అందుకునేటోళ్లు జై అనుడు, ఇచ్చేటోళ్లు తెలంగాణ అనుడు. తర్వాత పోరగాండ్లు గూడ లేచి వరుసల కలిసిండ్రు. మీ తాత కాసేపు చూసిండు, జెండ పక్కోనికిచ్చిండు, ఆయన గూడ నిలవడ్డడు. గవే ఆయన నీకు చెప్పని బొబ్బలు. మెకానిక్కు చేతులకు గూడ ఉసికె గంజు బొబ్బలు తెచ్చింది మరి.

నేను ఇంటికొచ్చి సారు తలుపు కొట్టిన. “సారూ, బయటికి రాండ్రి. వాళ్లు మీ కోసం రాలె, నా కోసం వచ్చిండ్రు.”

“నిజంగానా అండీ?” లోపటికెళ్లి గొంతు.

“నిజంగ. సీసాల కోసం వచ్చిండ్రు.”

“ఏ సీసాలండీ?”

“గది తర్వాత చెప్త. ముందు మాలు కలపాలె, రాండ్రి.”

వచ్చిండు. వాకిట్ల గంతమందిని చూసి గోడ పక్కకు ఒత్తుకొని నిలవడ్డడు. బాలయ్య మాలు కలుపుతున్నడు, ఆడోళ్లు ఉత్సాహంతోని బిందెకు బిందె నీళ్లు గుమ్మరిస్తున్నరు. సారు చూసిండు, చూసిండు, ఆగలేకపోయిండు. “ఆపండమ్మా! నీళ్లు తగ్గించండి! నీళ్లెక్కువైతే పట్టుండదు! ఆ రాడ్లు కదపొద్దండీ!” అని ఒక్క కేక పెట్టిండు. గల్లీ మొత్తం ఇన్నది. గా యాస అందరికి ఇనబడ్డది. ఒక పోరడు నా దిక్కు తిరిగి, “ఆంధ్ర ఆయననా పెద్దమ్మా?” అన్నడు.

“అవు. నా ఇల్లు నిలవెడ్తున్నడు. రాష్ట్రం కోసం నేను గూడ కొట్లాడుత, నీతోని రోడ్డు మీద కూసుంట. కని నా వాకిట్ల ఉన్న మనిషిని ఏ ఊరని అడుగుడు ఉండదు. నీకేమన్న అడగాలని ఉంటె, నీళ్లెన్ని పొయ్యాల్నో అడుగు” అన్న.

గా పోరడు మంచోడే. సారు దిక్కు తిరిగి, “ఎన్ని పొయ్యాలె సార్?” అన్నడు. అంజమ్మేమో, “అబ్బ, సారుకు గింత పెద్ద గొంతున్నదా! గిన్నొద్దులు కూరగాయల కాడ మూగాయన అనుకున్న” అన్నది. ఆయన సిగ్గుపడి అద్దాలు తుడుసుకున్నడు.

మూల పోసుడు అయిందో లేదో, చినుకులు పడ్డయి. కప్పనీకి ఏముంది? మా ఇంట్ల ఉన్న పట్టా చిల్లుల పట్టా. గా పోరగాండ్లే ఉరికి, టెంటు మీది తాడిపత్రి ఇప్పుకొచ్చి మూల మీద కప్పిండ్రు. వాళ్లు పోయి చౌరస్తల వానల తడుసుకుంట కూసున్నరు. మీ తాత గూడ. ఇంటికొచ్చినంక ఆయనకు జలుబు చేసింది, మిరియాల చారు పోసిన. గది తాగుకుంట గూడ, బండైతే ఇడువలేదు చూసినవా అన్నడు. సరే నీదే గెలుపు అన్న. మొగోళ్లకు అప్పుడప్పుడు గట్ల అనాలె. నువ్వు నేర్చుకోకు.

తర్వాత గజం గజం చుట్టూర పూర్తి చేసినం, పండుగ లోపట. మీ నాయిన, మీ అమ్మ, అందరు నీళ్లు చల్లి తడిపిండ్రు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆడోళ్లు మా వాకిట్లనే ఆడిండ్రు, అంజమ్మ వదినైతె నాకు బెల్టు సత్తెమ్మ అని పేరు పెట్టింది. పెడ్తె పెట్టనీ.

బిల్డరు వచ్చిండు. కాయిదాలు, మిఠాయి డబ్బ. చుట్టు తిరిగి చూసి, “పెద్దమ్మా, బెల్టు పెడ్తె భూకంపం ఆగుతదా?” అని నవ్విండు.

“భూకంపం ఆగది. నువ్వు ఆగుతవ్” అన్న.

మీ తాత లేచి పోయి, వాకిట్ల మంచం ఎత్తి లోపట గా మూల కాడనే ఏసిండు, పండుకున్నడు. గంతే. గదే ఆయన జవాబు. బిల్డరు ఆ మంచాన్ని చూసిండు, కాయిదాలు సంకల పెట్టుకున్నడు.

“అయితె నాయినమ్మా, ఇగ ఎంత పెద్ద భూకంపమొచ్చినా మనింటికి ఏం కాదా?”

గట్ల నేనెప్పుడన్నా? సారు గూడ అనలె. నేను గదే అడిగిన ఆయనను, సారూ ఇగ ఏం కాదా అని. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. “ఏమీ కాదని నేను చెప్పనండీ. పెద్దదొస్తే పగుళ్లు వస్తాయి, దెబ్బ తింటుంది. కానీ ఒక్కసారిగా మీద పడదు. మీరంతా బయటికి పరిగెత్తేంత వరకు నిలబడుతుంది” అన్నడు. నాకు సాలు. ఇల్లంటె ఇంకేం చెయ్యాలె? మన మనుషులు బయట పడేదాక నిలవడాలె, ఆ తర్వాత దాని ఇష్టం. మల్ల కట్టుకుంట.

ఏంది, అట్ల చూస్తున్నవ్? మీ నాయిన దగ్గరికి మల్ల ఎవరో బిల్డరు వస్తున్నడని చెప్తవ్, అంతేనా? ఎరికె నాకు. చెవులు బాగనే ఇనబడ్తయి. మెట్రో వచ్చింది, ధర పెరిగింది, పాతిల్లు ప్రమాదమంటున్నడంట. ఆయన దగ్గర గూడ వీడియోలుంటయి.

ఇను బిడ్డా. గీ జాగ నీ పేరు మీద రాస్త. మీ నాయినకు చెప్పిన, మీ తాతకు చెప్పిన, గిప్పుడు నీకు చెప్తున్న. నువ్వు ఉంటె ఉండు. అమ్మితె అమ్ముకో, పది అంతస్తులు కట్టుకో, నాకేం బాధ లేదు. రాళ్లను ఎత్తుకొని కూసునేదాన్ని కాదు నేను. కని ఇష్టపడి అమ్ము. భయపడి అమ్మకు. ఎవడన్న వచ్చి, నీ కింద నేల గట్టిది కాదు, నీ గోడ నిలవది, నువ్వు నిలవవు అన్నడనుకో, ముందు ఓ గడ్డపార తీసుకొని నువ్వే తవ్వి చూడు. చూసినంక మాట్లాడు. సల్లగుండు బిడ్డా, నూరేండ్లు గట్టిగుండు, నిన్ను బెదిరియ్యనీకి వచ్చినోడు వచ్చిన తొవ్వనే…

ఏయ్, ఎవరో గేటు కొడ్తున్నరు. గాయనే కావొచ్చు. నువ్వు కూసో. నేను పోత.